కారు అద్దంపై మంచు: పాత బీటిల్‌లో వేడిగాలి నడిచే దారి

చల్లని నీళ్లు పోసిన ఇత్తడి చెంబు బయటివైపు చెమర్చడం అందరూ ఎరిగినదే. చెంబుకు చిల్లు లేదు; నీరు లోపలినుండి ఊరి రాలేదు. చుట్టూ ఉన్న గాలిలో కంటికి కనబడని ఆవిరిగా దాగి ఉన్న నీరే చల్లని లోహం తగిలి బిందువులుగా మారింది. శీతల దేశాలలో చలికాలపు ఉదయాన కారు నడిపేవారిని చిక్కులో పెట్టేది కూడ ఇదే ధర్మం. కారు ముందు అద్దం లోపలివైపు మనుష్యుల ఊపిరి తగిలి మసకబారుతుంది. బయటివైపు రాత్రి పేరిన మంచు తెల్లని పొరగా అంటుకొని ఉంటుంది. ఎదుట రోడ్డు ఉన్నదో, మనిషి ఉన్నాడో తెలియదు.

ఈ రెండు పొరలనూ పోగొట్టడానికి అద్దం అడుగున సన్నని చీలికలగుండా వేడిగాలిని వదులుతారు. ఆ ఏర్పాటునే ‘డీఫ్రాస్టరు’ అంటారు. పాత కార్లలో ఇది తరచు మొరాయిస్తుంది. గాలి వస్తుంది గాని వేడి ఉండదు. లేదా వేడి ఉంటుంది గాని గాలి రాదు. కొన్నిటిలో అద్దం సగమే తేటపడుతుంది. దీనిని బాగుచేయదలచినవాడు రెంచి చేతపట్టుకొనేముందు అద్దం మీద ఏమి జరుగుతున్నదో తెలుసుకోవడం మంచిది. తెలియకుండా చేసిన మరమ్మత్తు వట్టి డబ్బు దండుగ కావచ్చు. కొన్ని కార్లలో అది ప్రాణం మీదికి కూడ తేవచ్చు.

గాలి ఎంత వేడిగా ఉంటే అంత ఎక్కువ నీటి ఆవిరిని తనలో ఇముడ్చుకోగలదు. 0° సెంటిగ్రేడు దగ్గర ఒక ఘనమీటరు గాలిలో ఇమడగలిగిన ఆవిరి 4.8 గ్రాములు మాత్రమే. 10° వద్ద అది 9.4 గ్రాములు, 20° వద్ద 17.3 గ్రాములు, 30° వద్ద 30 గ్రాములకు పైబడుతుంది. గాలిని చల్లారుస్తూ పోతే ఏ ఉష్ణోగ్రత వద్ద అందులోని ఆవిరి ఇక ఇమడలేక నీరుగా మారడం మొదలవుతుందో, దానిని ఆ గాలియొక్క తుషార స్థానం అంటారు. అద్దం ఉష్ణోగ్రత లోపలి గాలి తుషార స్థానంకంటె తక్కువైతే చాలు, మసక కమ్ముతుంది.

ఇప్పుడొక లెక్క చూడండి. చిన్న కారులో గాలి సుమారు రెండున్నర ఘనమీటర్లు. ఊపిరి ద్వారా, చర్మం ద్వారా ఒక మనిషి గంటకు సుమారు 40 గ్రాముల నీటిని ఆవిరి రూపంలో వదులుతాడు. కారులో ఇద్దరున్నారు, కిటికీలన్నీ బిగించి ఉన్నవి, అద్దం 0° వద్ద ఉన్నదనుకొందాం. లోపలి గాలి మొదట బొత్తిగా పొడిగా ఉన్నదనుకొన్నా 12 గ్రాముల ఆవిరి చేరేసరికి తుషార స్థానం 0°కు వచ్చేస్తుంది. దీనికి పట్టేది తొమ్మిది నిమిషాలు. నిజానికి గాలి అంత పొడిగా ఎన్నడూ ఉండదు కాబట్టి అయిదు నిమిషాలైనా పట్టదు. కాళ్ల క్రింది చాపలు తడిసి ఉంటే చెప్పనే అక్కరలేదు. పాత కారు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ బీటలువారి వాననీరు లోపలికి దిగుతూ ఉంటే, ఎంత మంచి డీఫ్రాస్టరైనా ఆ నీటిని ఆవిరిచేసి మళ్లీ అద్దానికే అందిస్తుంది. కాబట్టి మొట్టమొదట తడిమి చూడవలసినది ఇంజనును కాదు, చాపలను.

దీనికి విరుగుడు కూడ పై అంకెలలోనే ఉన్నది. బయట 0° వద్ద ఉన్న గాలి ఆవిరితో నిండి ఉన్నదనుకొన్నా దానిలో ఉన్నది ఘనమీటరుకు 4.8 గ్రాములే. దానిని 30°కు వేడిచేస్తే అది ఇముడ్చుకోగల ఆవిరిలో ఆరో వంతుకూడ అందులో లేదన్నమాట. అంటే చలికాలంలో బయటి గాలిని వేడిచేయడమంటే దాహంతో ఉన్న గాలిని తయారుచేయడమే. అది అద్దాన్ని వేడిచేస్తుంది, తేమను పీల్చుకొంటుంది. అయితే పీల్చుకొన్న తేమతో అది బయటికి పోవడానికి దారి ఉండాలి. కిటికీ ఒక వ్రేలి వెడల్పున తెరచి ఉంచితే అద్దం త్వరగా తేటపడుతుందని అనుభవజ్ఞులు చెప్పేది అందుకే. చలికి కిటికీ తెరవడమా అని ఆశ్చర్యపడనక్కరలేదు.

బయటి మంచు సంగతి వేరు. ఇది ఆకాశంనుండి రాలినది కాదు. మబ్బులేని రాత్రి అద్దం తన వేడిని ఆకాశానికి వెదజల్లి చుట్టూ ఉన్న గాలికంటె కూడ చల్లబడుతుంది. హిమాంకంకంటె దిగువకు పోయిన అద్దాన్ని తాకిన ఆవిరి ద్రవరూపం పొందకుండానే నేరుగా మంచు అవుతుంది. దీనిని కరిగించడానికి గుప్తోష్ణం కావాలి. గ్రాము మంచుకు 80 కాలరీలు. అర చదరపు మీటరు అద్దం మీద అర మిల్లీమీటరు మందాన గట్టి మంచు పేరితే దాని బరువు సుమారు 230 గ్రాములు. దానిని కరిగించడానికే 18,000 కాలరీలకు పైన ఖర్చవుతుంది. అద్దం -10° వద్ద ఉంటే, అయిదు మిల్లీమీటర్ల మందంగల ఆ అద్దాన్ని 0°కు తేవడానికి మరొక 12,000 కాలరీలు కావాలి. ఈ వేడిలో చాల భాగాన్ని బయటి చలిగాలి దారిలోనే దోచుకొంటుంది. కాబట్టి చేతితో గీకి తీయగలిగిన మంచును వేడిగాలికి వదిలిపెట్టడం దుబారా. గీకుడు పలక చవుక వస్తువే అయినా డీఫ్రాస్టరు పని సగం అదే చేస్తుంది. త్వరపడి మరిగే నీళ్లు మాత్రం పోయరాదు. అద్దం ఒక వైపు హఠాత్తుగా వ్యాకోచించి పగులుతుంది.

ఇక వేడి ఎక్కడనుండి రావాలి? చాల కార్లలో ఇంజనును చల్లబరచే నీటినే ఒక చిన్న గొట్టాల జల్లెడలోకి మళ్లించి, దానిమీదుగా ఫ్యాను గాలి కొట్టిస్తారు. అటువంటి కార్లలో దోషాలు సామాన్యంగా మూడు చోట్ల ఉంటవి. ఇంజను థర్మోస్టాటు తెరుచుకొనే ఉండిపోయి నీరు వేడెక్కకపోవడం ఒకటి. జల్లెడలో తుప్పు, మడ్డి పేరుకొని నీరు పారకపోవడం మరొకటి. నీరు తగ్గి గొట్టాలలో గాలి చిక్కుకోవడం మూడవది. ఇవి తేలికగా పట్టుబడేవే. ఇంజను వేడెక్కిన తరువాత జల్లెడకు పోయే గొట్టాన్నీ, వచ్చే గొట్టాన్నీ ముట్టి చూస్తే చాలు. రెండూ వేడిగా ఉంటే లోపం గాలివైపు ఉన్నది. ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉంటే జల్లెడ పూడిపోయింది. రెండూ గోరువెచ్చగానే ఉంటే థర్మోస్టాటును అనుమానించాలి.

నీరే లేని ఇంజను మాటేమిటి? డీఫ్రాస్టరు బలహీనతకు ప్రపంచంలో పేరుమోసిన కారు జర్మనీవారి వోక్స్‌వాగన్ బీటిల్. ఫెర్డినాండ్ పోర్షె రూపకల్పన చేసిన ఈ కారు 2003లో మెక్సికోలోని ప్యూబ్లాలో తయారీ ఆగిపోయేనాటికి 2 కోట్ల 15 లక్షలకు పైగా రోడ్డెక్కింది. ఇందులో ఇంజను వెనుక ఉంటుంది, దానిని గాలితో చల్లబరుస్తారు. ముందు అద్దం ఒక కొసన, వేడి మరొక కొసన. వేడిగాలి కారు పొడవునా ప్రయాణం చేసి రావాలి. తోడ్పడడానికి మొదటి మాదిరులలో ప్రత్యేకమైన ఫ్యానుకూడ లేదు. ఇంజనును చల్లబరచే ఫ్యానే ఈ గాలిని కూడ నెట్టుతుంది. అందువల్ల ఇంజను వేగంగా తిరిగినప్పుడే గాలి బలంగా వస్తుంది. కూడలివద్ద బండి ఆగి నిలిచినప్పుడు దాదాపు రాదు. ఇది లోపం కాదు, స్వభావం. దీనిని బాగుచేయబోయి అలసిపోయినవారు కొందరున్నారు.

గాలి నడిచే దారిని వెనుకనుండి ముందుకు చూద్దాం. ఇంజను పైనున్న రేకు తొడుగులో ఫ్యాను తిరుగుతుంది. ఆ తొడుగునుండి రెండు గొట్టాలు, ఎడమ కొకటి కుడి కొకటి, క్రిందికి దిగి రెండు వేడిపెట్టెలలో ప్రవేశిస్తవి. వేడిపెట్టె అంటే ఇంజను పొగ పోయే గొట్టానికి రెక్కలు అతికించి, దానిచుట్టూ రేకు పెట్టె బిగించిన సాధనం. పొగ గొట్టం లోపల పోతుంది, గాలి రెక్కల మధ్యగా బయట పోతుంది. ఒకదాని వేడి మరొకదానికి సంక్రమిస్తుంది గాని రెండూ కలియరాదు. పెట్టె చివర ఒక చిన్న తలుపు ఉంటుంది. డ్రైవరు లీవరు లాగితే తీగద్వారా ఆ తలుపు తిరిగి గాలిని కారు లోపలికి పంపుతుంది. లేనిచో బయటికి వదిలిపెడుతుంది. అక్కడనుండి ముడతల గొట్టం ద్వారా గాలి కారు రెండు పక్కల గడపల క్రింద ఉన్న బోలు రేకు కాలువలలోకి పోతుంది. ఆ కాలువల వెంట ముందుకు వచ్చి, కొంత కాళ్ల దగ్గర బయటపడి, మిగిలినది సన్నని గొట్టాల ద్వారా పైకెక్కి అద్దం అడుగున వెలువడుతుంది.

1963 మాదిరికి ముందటి కార్లలో ఇంకొక తేడా ఉన్నది. వాటిలో సిలిండర్లను తాకి వచ్చిన గాలే కారులోకి వచ్చేది. ఇంజనులో నూనె కారితే ఆ వాసన, పొగ కారితే ఆ పొగ, అంతా ప్రయాణికులకే. 1963 మాదిరినుండి ఫ్యాను వద్దనే శుభ్రమైన గాలిని వేరుగా తీసి పెట్టెలకు పంపడం మొదలుపెట్టారు.

ఈ దారి రెండు పాయలుగా ఉండడం మరమ్మత్తుకు గొప్ప సౌకర్యం. అద్దం ఎడమ సగం తేటపడి కుడి సగం మసకగా ఉంటే, దోషం కుడి పాయలో ఉన్నదని వెంటనే తెలిసిపోతుంది. రెండు వైపులా ఒకే రకంగా నీరసంగా ఉంటే రెండింటికీ ఉమ్మడిగా ఉన్నవాటిని చూడాలి. వానిలో మొదటిది ఫ్యాను బెల్టు. వదులైన బెల్టు జారుతుంది, ఫ్యాను వేగం తగ్గుతుంది. రెండవది ఫ్యాను తొడుగులోని థర్మోస్టాటు తలుపులు. ఇంజను చల్లగా ఉన్నంతసేపు ఇవి సిలిండర్లకు పోయే గాలిని అడ్డగించి, ఇంజను త్వరగా వేడెక్కేటట్లు చేస్తవి. ఇవి అనవసరమని తీసిపారేసిన బండ్లు చాల ఉన్నవి. ఎండ దేశాలలో అది చెల్లిందేమో గాని, చలిదేశంలో అటువంటి బండి వేడెక్కడానికి చాలసేపు తీసుకొంటుంది. వేడిపెట్టెలనే తీసివేసి, ఇంజను బలం పెరుగుతుందని ఉత్త గొట్టాలు వేయించుకొన్నవారూ ఉన్నారు. వారి కారులో డీఫ్రాస్టరును వెదకి ప్రయోజనం లేదు. మార్పు పెట్టెలు కొనేటప్పుడు కూడ లోపలి రెక్కలు చూసుకోవాలి. చవుకరకం పెట్టెలలో రెక్కలు తక్కువ. పైకి రెండూ ఒక్కలాగే కనబడతవి గాని గాలికి వేడి నందించే ఉపరితలం తగ్గిపోతుంది.

తరువాత తీగలు. చిన్న తలుపుల కీళ్లు కారు అడుగున రోడ్డు బురదకు, చలిదేశాలలో మంచు కరగడానికి చల్లే ఉప్పుకు బాహాటంగా ఉంటవి. తుప్పుపట్టి బిగుసుకుపోతవి. లీవరు కదులుతుంది, తీగ సాగుతుంది, తలుపు మాత్రం కదలదు. ఒకరు లోపల లీవరు లాగుతుండగా మరొకరు క్రింద చూస్తే ఇది బయటపడుతుంది. బండిని జాకీ ఒక్కదాని మీదనే నిలిపి క్రింద దూరరాదు. గట్టి ఆధారాలు పెట్టాలి. తుప్పు వదలగొట్టే నూనె వేసి, తలుపును చేతితో పలుమార్లు ఆడించి, తీగ కొసను బిగించి కట్టితే చాలవరకు నయమవుతుంది. తీగ తెగితే కొందరు తలుపును ఇనుప కమ్మితో తెరచి కట్టేస్తారు. చలికాలం హాయిగా గడుస్తుంది. మే నెలలో ఆ కారెక్కినవారి గతి వేరే చెప్పనక్కరలేదు.

ముడతల గొట్టాలు చవుకైనవి, త్వరగా చిరిగేవి. పెట్టెకూ కాలువకూ మధ్య ఉన్న గొట్టం ఊడితే గాలి రోడ్డుపాలవుతుంది. ముందు, అద్దం క్రింద ఉన్న గొట్టాలు ఎక్కువగా కాగితం, పలుచని అల్యూమినియం రేకు కలిపి చేసినవి. ముందు పెట్టెలో సామాను పెట్టి తీస్తూ ఉంటే నలిగిపోతవి, ఊడిపోతవి. చేతితో తడిమితేనే తెలుస్తుంది. కాళ్లవద్ద ఉన్న మూతలను, వెనుక సీటువారి మూతలను మూసివేస్తే ఉన్న గాలి అంతా అద్దానికే పోతుంది. ఇందుకు పైసా ఖర్చు లేదు. అయినా దీనిని మరచి ఇంజనును అనుమానించేవారే ఎక్కువ.

కాలువలు తుప్పుపడితే మాత్రం పని పెద్దది. ఇవి గాలి దారులే కాక కారు శరీరానికి వెన్నెముకలవంటివి. చిల్లులుపడిన కాలువకు పైన గుడ్డో, తారో అంటించి గాలిని ఆపవచ్చును గాని, బలం తిరిగి రాదు. కొత్త కాలువ వేయాలంటే పాతదానిని కోసివేసి వెల్డింగు చేయాలి. ఆ సమయంలో తలుపు సందుకు అడ్డంగా కడ్డీలు బిగించి నిలపకపోతే శరీరం వంగి, ఆ తరువాత తలుపులు పడవు. ఇది ఆరితేరిన పనివానికి ఒప్పగించవలసిన పని.

ప్రాణభయమని మొదట చెప్పినది వేడిపెట్టె విషయం. పొగ గొట్టం ఏళ్లతరబడి కాలి, చల్లారి, లోపల తేమకు తుప్పుపడుతుంది. సూదిమొన అంత రంధ్రం పడితే చాలు, ఇంజను పొగ స్వచ్ఛమైన గాలిలో కలిసి నేరుగా కారులోకి వస్తుంది. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. నెత్తురులోని హీమోగ్లోబినుకు ఆక్సిజనుమీద కంటె దీనిమీద రెండువందల రెట్లకు పైగా ఆకర్షణ. గాలిలో కొద్దిపాటి ఉన్నా అది నెత్తురులో ఆక్సిజను చోటును ఆక్రమించుకొంటూ పోతుంది. మొదట తలనొప్పి, వికారం, మగత. తరువాత స్పృహ తప్పడం. కిటికీలు బిగించుకొని, డీఫ్రాస్టరు పూర్తిగా తెరచుకొని పోయేవాడు తనకు నిద్ర వస్తున్నదనుకొంటాడు. పొగ వాసన వస్తే లోపం ఉన్నదని నిశ్చయించుకోవచ్చును. వాసన రాకపోతే లోపం లేదని మాత్రం నిశ్చయించుకోరాదు.

అందుచేత గాలి ఎక్కువగా రావాలని గొట్టాలు బిగించేముందు పెట్టెలను పరీక్షించాలి. గొట్టాలు ఊడదీసి, దీపం వేసి లోపల చూడాలి. గాలి నడిచే భాగంలో మసి కనబడితే పొగ కారుతున్నదన్నమాటే. ఆ పెట్టెను మార్చవలసిందే. అతుకు పెట్టి కాలం గడపరాదు. ఇంజను చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ కూడ చూడాలి. ఇది ఇంజను పైభాగాన్ని క్రింది వేడినుండి, పొగనుండి వేరుచేస్తుంది. పట్టీ ఊడితే క్రింది పొగను ఫ్యాను పీల్చుకొని పెట్టెలద్వారా లోపలికి పంపగలదు. కారులో కార్బన్ మోనాక్సైడును కనిపెట్టి మోగే చిన్న పరికరం ఒకటి ఉంచుకోవడం అన్నివిధాల మంచిది. ఇంజనును తలుపులు మూసిన షెడ్డులో నడిపి పరీక్ష చేయడం ఏ కారుకైనా నిషిద్ధమే.

అన్నీ బాగున్నా చాలదనుకొన్నవారు గాలి గొట్టంలో విద్యుత్ ఫ్యాను అమర్చుకొంటారు. బండి ఆగి ఉన్నప్పుడు గాలి రాకపోవడమనే స్వభావదోషానికి ఇది తగిన మందే. దీనిని పెట్టెకు ముందు, చల్లని గాలి ఉన్న వైపున బిగించాలి. వేడివైపు బిగిస్తే ప్లాస్టిక్ ఫ్యాను కరుగుతుంది. విద్యుత్తు లెక్కకూడ చూసుకోవాలి. 60 వాట్ల ఫ్యానుకు 12 వోల్టుల బండిలో 5 ఆంపియర్లు చాలును. 6 వోల్టుల పాత బండిలో 10 ఆంపియర్లు కావాలి. దీపాలు, వైపరు కూడ పనిచేసే చలికాలపు రాత్రి చిన్న డైనమోకు అది పెద్ద బరువు.

చివరగా అద్దం మాట. మసకలో ఉన్నది లెక్కలేనన్ని చిన్న బిందువులు. ప్రతి బిందువూ వెలుతురును తలకొక దిక్కుకు చెదరగొడుతుంది. ఎదుటి దీపాల చుట్టూ వలయాలు కనబడేది అందువల్లనే. అద్దం నిజంగా శుభ్రంగా ఉంటే నీరు బిందువులు కట్టక పలుచని పొరగా పరచుకొంటుంది, ఆ పొరగుండా చూపు ఆనుతుంది. ఇంజను నూనె ఆవిరి, సిగరెట్టు పొగ, చేతి జిడ్డు అంటిన అద్దం మీద నీరు పరచుకోలేదు. డ్రైవరు అరచేతితో తుడిచినకొద్దీ జిడ్డు పెరుగుతుంది. సబ్బునీళ్లతో లోపలివైపు కడిగి, పొడిగుడ్డతో మెరిసేదాకా తుడిచి, ఆ తరువాత డీఫ్రాస్టరును పరీక్షించాలి. మామూలు ఉష్ణమాపకాన్ని చీలికవద్ద పట్టుకొని కుడి ఎడమల అంకెలు వ్రాసుకొని, గొట్టాలు మార్చిన తరువాత మళ్లీ చూస్తే, మరమ్మత్తు ఏ వైపున ఎంత ఫలించినదీ తెలుస్తుంది. ఇంజను పదిహేను నిమిషాలు నడిచిన తరువాత, బండి మంచి వేగంతో పోతుండగా, ప్రక్క కూర్చున్నవారు ఈ కొలత తీయాలి. నిలిచి ఉన్న బండిలో తీసిన అంకె ఎందుకూ పనికిరాదు.